నాన్న మోసిన కరగం

వునిమోలి
30 ఏప్రిల్ 1979

రుక్మిణక్కా,

బాగున్నావా అని అడగను. సముద్రం అవతల లౌటోకా టౌనులో కరెంటు, కొళాయి, కాంక్రీటు ఇల్లు ఉన్నవాళ్ళు బాగానే ఉంటారు. నేను బాగాలేను. అందుకే రాస్తున్నాను.

నిన్న ఆదివారం గుడి దగ్గర కమిటీ కూచుంది. ఈ ఏడు నిప్పులు తొక్కే పండగలో అమ్మవారి కరగం నెత్తిన పెట్టుకుని గుండం దాటేది ఎవరో తేల్చారు. నాన్న పోయిన దగ్గర్నుంచి ఆ ఇత్తడి చెంబు మన ఇంట్లో బియ్యం డబ్బా మీద బోర్లించి ఉంది. ఎవరూ ముట్టలేదు. ఇంకెవరు ఎత్తుతారు, కొడుకే కదా అనుకుని చొక్కా ఉతుక్కుని మరీ వెళ్ళాను. పూజారి గోవిందస్వామి మామ గొంతు సవరించుకుని, "పాపమ్మ అల్లుడు ముకేష్ ఎత్తుతాడు. పాపమ్మే అడిగింది" అన్నాడు.

అల్లుడు! అమ్మకి కొడుకుని నేను చచ్చానా?

అందరూ నా మొహంలోకి చూశారు. మా కోత గ్యాంగు సర్దారు మునియ్య తాత నాకు వినపడేలాగే, "అరే, బేటా ఉండగా దమాద్ ఏంటిరా?" అన్నాడు. లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి అమ్మని అడిగితే "నా మొక్కు, నా ఇష్టం" అంది. అంతే. పొయ్యి ఊదుకుంటూ కూచుంది.

నాన్న పోయాక పొలం లీజు పోయింది. ఊళ్ళో వాళ్ళ చెరుకు నరికి ఇల్లు నిలబెట్టింది ఎవరు? బావ ఏం చేశాడు? లౌటోకా సంఘంలో హార్మోనియం ముందు కూచుని తెలుగు పద్యాలు పాడాడు. తెల్లచొక్కా మాస్టారు. ఆయన దీపావళికి వస్తే అమ్మ పీట వేస్తుంది. నాకు గోనెసంచి. ఇప్పుడు నాన్న కరగం కూడా ఆయనకే.

తెలుగులో ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. మీ అత్త జసోదమ్మ నీ ఉత్తరాలు విప్పుతుందన్నావు, ఆవిడకి హిందీయే వచ్చు. నాకు ఏ మాస్టారూ తెలుగు నేర్పలేదు. నాన్న భజన పుస్తకం ముందేసుకుని, ఆయన పాడే పాటకీ అక్షరానికీ జత కలుపుకుని నేర్చుకున్నాను. తప్పులుంటే బావని దిద్దుకోమను. దిద్దాక, కరగం నాకు వద్దు అని కమిటీకి ఒక ముక్క రాయమను.

ఇంకా బతికే ఉన్న నీ తమ్ముడు,
కమల్


లౌటోకా
10 మే 1979

ఒరే కమల్,

నీ ఉత్తరం చదివి మీ బావ మొదట నవ్వారు. తర్వాత నవ్వలేదు. తప్పులు దిద్దలేదు. "ఇంత కోపంలో కూడా ఒత్తులన్నీ సరిగ్గా పెట్టాడే" అన్నారు.

ఆయన అడగలేదురా. అమ్మ అడిగితే కాదనలేకపోయారు. ఉపవాసం మొదలుపెట్టేశారు కూడా. ఒక్క పూట భోజనం, ముందు గదిలో చాప మీద పడక. సాయంత్రం బడిలో మిగతా మాస్టర్లు మత్తునిచ్చే యంగోనా గిన్నె చుట్టూ చేరితే, ఈయన మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కూచుంటున్నారట. "ఆవో స్వామీజీ" అని ఏడిపిస్తున్నారు. పొగరుతో చేస్తున్నది కాదు, నువ్వు నమ్మినా నమ్మకపోయినా.

ఇక్కడ ఇంకో గోల. నాందీ టౌను వైపు మొదలైంది, ఇప్పుడు మా ఊరంతా పాకింది. కాస్త జ్వరం, ఒంటి మీద దద్దు, ఆ తర్వాత కీళ్ళు పట్టేస్తాయి. మణికట్లు, వేళ్ళు, చీలమండలు వాచిపోతాయి. మా పక్కింటావిడ జుట్టు దువ్వుకోలేక పెరట్లో కూచుని ఏడ్చింది. నేను ఆస్పత్రి వార్డులో పక్కలు సర్దుతుంటాను కాబట్టి డాక్టర్ల మాటలు చెవిన పడతాయి. ముందు డెంగీ అనుకున్నారు. కాదట. దోమలు తెచ్చే ఇంకో వైరస్ ఏదో అట. రక్తం సీసాలు ఆస్ట్రేలియా పంపించారు. మందు కొట్టేవాళ్ళు వచ్చి మా అత్తయ్య పూలకుండీలు తిరగేస్తే, ఆవిడ చీపురు పట్టుకుని వాళ్ళ వెంట పడింది. ప్రాణం తీసే రోగం కాదంటున్నారు. నువ్వు మాత్రం ఇంటి చుట్టూ నిలవ నీళ్ళు పారబొయ్యి.

పీట సంగతి. కిందటి దీపావళికి అమ్మ నీకూ పీట వేసింది. "నేనేమైనా చుట్టాన్నా" అని కాలితో నెట్టింది నువ్వే. నేను అక్కడే ఉన్నాను.

నీ పొగరు తెలిసిన
అక్క


వునిమోలి
21 మే 1979

అక్కా,

ఒత్తులు సరిగ్గా పెట్టానని మెచ్చుకున్నాడా! ఇంకేం, పతకం కూడా పంపమను.

ఇక్కడ అమ్మ ఏం చేస్తోందో విను. అల్లుడికని కొత్త పంచె కొని పసుపులో ముంచి ఆరేసింది. అల్లుడు రాగానే తినడానికని పొడులు కొడుతోంది. ఇల్లంతా అల్లుడి వాసన. నేను పొద్దున్నే చెరుకులో కలుపు తియ్యడానికి పోతూ ఆ పంచె కింద నుంచి వంగి పోవాలి.

నేనూ ఉపవాసం ఉంటున్నాను. ఎవరూ ఉండమనలేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మకి తెలిసిన రోజు మొహం మాడిపోయింది. ఆ మర్నాటి నుంచి కావాలని నా కంచంలో చేప వేస్తోంది. ముక్క తీసి పక్కన పెడితే, "తిను నాయనా, కష్టం చేసేవాడివి" అని మళ్ళీ వేస్తుంది. కన్నతల్లి, కొడుకు ఉపవాసం చెడగొట్టాలని చూస్తోంది! అల్లుడికి పోటీ వస్తానని భయం.

మధ్యాహ్నం అన్నం వేళ కిరసనాయిలు డబ్బాలో నీళ్ళు పోసి నెత్తిన పెట్టుకుని చెరుకు సాళ్ళలో నడుస్తున్నాను. గ్యాంగు వాళ్ళు మొదట్లో ఈలలు వేశారు. ఇప్పుడు వెయ్యడం లేదు. చుక్క ఒలకదు. బావ నెత్తి మీద సుద్దముక్క అయినా నిలుస్తుందా? పెట్టి చూడు.

మీ రోగం మీ టౌనులోనే ఉంచుకోండి. ఇక్కడ మనుషులకి రోగం తెచ్చుకునే తీరికలేదు.

కమల్


లౌటోకా
4 జూన్ 1979

కమల్,

ఇది నీకు ఒక్కడికే రాస్తున్నాను. చదివి పొయ్యిలో పడెయ్యి.

మీ బావకి వచ్చింది. పోయిన వారం బడిలో సుద్దముక్క పట్టుకోలేక జారవిడిచారట. ఇంటికొచ్చేసరికి చీలమండలు ఇంత లావున ఉన్నాయి. పొద్దున మంచం దిగి గోడ పట్టుకుని నడుస్తున్నారు. గుండీలు నేనే పెడుతున్నాను. అంత బాధలోనూ ఉపవాసం మానలేదు. చారు తాగమంటే కూడా "అందులో ఏం వేశావు?" అని అడుగుతున్నారు.

ఆస్ట్రేలియా నుంచి జవాబొచ్చింది. రాస్ రివర్ అని పేరు, అక్కడేదో ఏరు పేరట. అక్కడ కంగారూల్లో ఉంటుందట ఆ వైరస్, దోమ కుట్టి మనిషికి ఎక్కిస్తుంది. ఇక్కడ కంగారూలు లేవు కదా, మరి మన గుర్రాలూ పశువులూ పందులూ దాన్ని మోస్తున్నాయేమోనని వాటి రక్తం కూడా తీసి చూస్తున్నారు. ఒకసారి వచ్చి పోతే మళ్ళీ రాదంటున్నారు. పండగ నాటికి ఆయన లేచి తిరుగుతారని నా నమ్మకం.

కానీ గుడివాళ్ళకి తెలిస్తే ఏమంటారో నీకు తెలుసు. కరగం ఎత్తేవాడి కాలు వాచిందంటే నియమం తప్పాడనే అంటారు. అందుకే నీ కడుపులో దాచుకో. నీకు ఎంత మంటగా ఉన్నా సరే. మొదటిసారి అడుగుతున్నాను నిన్ను.

అక్క


వునిమోలి
13 జూన్ 1979

అక్కా,

దాచలేదు.

మొన్న ఆదివారం కమిటీలో నీ ఉత్తరం చదివాను. అంతా కాదు, కాళ్ళు వాచిన ముక్క. ఆస్ట్రేలియా ముక్క చదవలేదు, అది వాళ్ళకి అర్థమయ్యేది కాదు. "ఉపవాసం తప్పనివాడికి కాళ్ళు ఎందుకు వాస్తాయి? ఏం తిన్నాడో, ఎక్కడ పడుకున్నాడో మనం చూడొచ్చామా?" అన్నాను. గోవిందస్వామి మామ చాలాసేపు చెవి గోక్కున్నాడు. చివరికి, "పాదం చెడ్డవాణ్ణి గుండంలోకి దింపలేను" అన్నాడు. కరగం నాకిచ్చారు.

విన్నావా? నాకిచ్చారు. అమ్మ వచ్చి అడ్డుపడింది, అందరి ముందూ. "వాడికొద్దు, వాడు చిన్నవాడు" అంది. ఇరవై రెండేళ్ళవాణ్ణి చిన్నవాడినట! ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. అన్నం పెట్టి మొహం తిప్పుకుంటుంది. అల్లుడి కోసం అంత దుఃఖం. ఏడవనీ.

పసుపు పంచె నా నడుముకి సరిగ్గా సరిపోయింది.

కోపం వస్తే రానీ నీకు. ఇన్నేళ్ళూ నాకొచ్చిన కోపం ఎవరు చూశారు?

కమల్


లౌటోకా
22 జూన్ 1979

కమల్,

నిన్ను ఏమని పిలవాలో తెలియక పేరొక్కటే రాస్తున్నాను.

"ఎక్కడ పడుకున్నాడో." ఈ మాట జనం నోట మీ లంబాసా నుంచి ఓడెక్కి మా ఇంటి గుమ్మంలోకి వచ్చింది. మా అత్తయ్య, వాచిన కాళ్ళు కడుపులో పెట్టుకుని కూచున్న కొడుకుని నిలబెట్టి అడిగింది: "సచ్ బోల్, ఎవరి ఇంటికి పోతున్నావు?" ఆయన నా వైపు చూశారు, నేనూ అలాగే అనుకుంటున్నానా అని. పొరపాటున నేను ఒక్క క్షణం ఆలస్యంగా, లేదని తల అడ్డంగా తిప్పాను. ఆ క్షణం ఇంకా ఈ ఇంట్లో ఉంది. నీ ఉత్తరం కూడా ఆయనే చదివారు, మడిచి నాకిచ్చారు. ఈసారి ఒత్తుల సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు ఇంకో సంగతి చెబుతాను. చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు నీ కోసం తీసి గట్టున పెడుతున్నాను.

నాన్న ఎలా పోయారు? పండగయ్యాక డెంగీ వచ్చి పోయారు, అంతే కదా నీకు తెలిసింది. నువ్వప్పుడు డ్రెకేటి వరికోతలకి పోయి ఉన్నావు. పండగకి ముందే వచ్చిందిరా జ్వరం. కరగం ఎత్తేవాడికి ఒళ్ళు కాలిందంటే నియమం తప్పాడంటారని, నాన్న ఎవరినీ నుదురు ముట్టనివ్వలేదు. తడిగుడ్డ చుట్టుకుని గుండం దాటారు. దాటాక ముక్కులోంచి రక్తం. డాక్టరు దగ్గరికి చేరేసరికి ఆలస్యమైపోయింది. అమ్మకి ముందే తెలుసు. ఆమె కూడా దాచింది.

అందుకే నిన్ను వద్దంది. అందుకే నీ కంచంలో చేప వేసింది. కరగం ఎవరికో ఒకరికి ఇవ్వక తప్పదు, అది మన ఇంటి మొక్కు. కొడుకుని దాచుకుని అల్లుణ్ణి ముందుకి తోసింది. మీ బావకి పీట ఎందుకో అర్థమైందా? బలికి కట్టేసేదానికి కూడా ముందు పసుపు రాస్తారు.

నువ్వు కుళ్ళుకుంటున్నావురా ఆయన్ని చూసి! కుళ్ళుకోవలసింది నేను. ఆ చెంబు చంపుతుందని నమ్మిన మనిషి, నీ తలకి బదులు నా మొగుడి తల చూపించింది. ఆయన చస్తే నా గతేమిటని ఒక్కసారి అనుకుందా? నాకు తెలిసి కూడా నోరు మూసుకున్నాను, అమ్మ కదా అని.

తీసుకో. నీ కరగం నువ్వే ఎత్తుకో.

రుక్మిణి


వునిమోలి, గుడి దగ్గర నుంచి
18 జూలై 1979

అక్కా,

అక్షరాలు ఇలా ఉన్నందుకు తిట్టుకోకు. కలం పిడికిట్లో పట్టుకుని రాస్తున్నాను, వేళ్ళు వంగడం లేదు. రేపు విమానానికి వెళ్ళేవాళ్ళ చేతికిస్తున్నాను, తొందరగా అందుతుందని.

నీ ఉత్తరం వచ్చాక నేను మెత్తబడ్డాననుకోకు. ఇంకా మండింది. నన్ను అడక్కుండా నా ప్రాణం దాచిపెట్టడానికి అమ్మ ఎవరు? నేను ఎత్తే తీరతాను అనుకుని, మొన్నటి నుంచి గుండం దాటే మిగతావాళ్ళతో పాటు గుడిలోనే పడుకుంటున్నాను. జ్వరం అంతకుముందే తగిలింది, ఎండ అనుకున్నాను. గుడికి వచ్చిన మర్నాడు చాప మీద నుంచి లేవబోతే చీలమండలు నావి కావు. పసుపు ముద్ద మందంగా పట్టించి కప్పేశాను.

తర్వాత చూద్దును కదా, అందరి కాళ్ళకీ పసుపే. ఒకడు చలి అని దుప్పటి తియ్యడు. ఒకడు దణ్ణం పెట్టడానికి చేతులు జోడిస్తే అరచేతులు కలవవు. గోవిందస్వామి మామ దీపం దగ్గర వంగలేక, ఒత్తి వెలిగించమని పిల్లల్ని కేకేస్తున్నాడు. ఎవడూ నోరు విప్పడు. కాళ్ళు వాచినవాడు నియమం తప్పినవాడు అని తేల్చేశాను కదా నేను. కుంటుకుంటూ, కుంటడం లేదన్నట్టు నడుస్తున్నాం అందరం.

నిన్న సాయంత్రం అమ్మ అన్నం తెచ్చింది. నేను ముద్ద కలపలేకపోయాను. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. అమ్మ చూసింది. ఇన్నాళ్ళ తర్వాత నాతో మాట్లాడింది: "మీ నాన్న కూడా నుదురు వెనక్కి లాక్కున్నాడు." తిట్టలేదు. కంచం పట్టుకుని అలాగే నిలబడింది, తీసుకుపోవాలో వద్దో తెలియనట్టు.

ఆ నిలబడటం చూడలేక లేచాను. గోవిందస్వామి మామ ముందుకి పోయి పంచె పైకి లాగి, "నా కాళ్ళు వాచాయి. నేను ఉపవాసం తప్పలేదు" అన్నాను.

"నియమం తప్పకపోతే వాయవని నువ్వే కదరా చెప్పావు?" అన్నాడు మామ.

"చెప్పాను. బావ మీద కుళ్ళుతో చెప్పాను. ఇది రోగం. దోమ తెస్తుంది. అక్క రాసింది, ఆ ముక్క నేను మీకు చదవలేదు."

అప్పుడు మూలనుంచి మునియ్య తాత, "అరే భయ్యా, నా గుర్రం కూడా వారం నుంచి కుంటుతోంది. ముందు కాళ్ళు రెండూ వాచాయి. అదేం తిన్నది, మేకమాంసమా? ఎవరింట్లో పడుకుంది?" అన్నాడు.

ఎవడో కిసుక్కున నవ్వాడు. గోవిందస్వామి మామ నవ్వలేదు. కూచుని, పంచె తొలగించి, మోకాలు చూపించాడు. చిన్న గుమ్మడికాయలా ఉంది. ఆ తర్వాత గుడి నిండా కాళ్ళే. వాపు చూపించడానికి పోటీలు పడ్డారు. జ్వరం ఇంకా తగ్గనివాళ్ళని అమ్మ నుదురు ముట్టి ఏరేసి, బండెక్కించి డాక్టరు దగ్గరికి పంపింది. "దేవతకి కోపమొస్తే నాతో చెప్పుకోమనండి" అంది.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఎత్తలేను. నాన్న అయితే దాచి ఎత్తేవాడు, నేను ఎత్తను. ఒకసారి వచ్చి పోయినవాడికి మళ్ళీ రాదన్నావు. మొదట్నుంచీ నియమం తప్పనివాడు, ఈపాటికి కాళ్ళు బాగుపడి ఉండేవాడు ఒక్కడే ఉన్నాడు. కమిటీ నన్నే రాయమంది. రాస్తున్నాను: బావని రమ్మను.

ఇది రాస్తుంటే వేళ్ళకన్నా ఎక్కువ నొప్పి వేరే చోట ఉంది.

కమల్


లౌటోకా
22 జూలై 1979

కమల్,

నీ ఉత్తరం ఆయన చేతికిచ్చాను. చదివి, లోపలికెళ్ళి మా అత్తయ్యకి హిందీలో చదివి వినిపించారు, గుర్రం ముక్కతో సహా. ఆవిడ కాసేపయ్యాక కొడుకు ప్రయాణానికి గంజి పెట్టిన పంచె మడత పెట్టింది.

వద్దని నేనే అన్నాను. వెళ్ళి ఏం నిరూపించాలి అన్నాను. "నిరూపించడానికి కాదు. ఇన్నాళ్ళు చాప మీద పడుకుంది దేనికి మరి?" అన్నారు.

నేను రాలేను. నా వంతు వచ్చింది, మణికట్లు రెండూ పట్టేశాయి. ఇది ఆయన చేత రాయిస్తున్నాను. కాబట్టి అమ్మ గురించి అనాలనుకున్నది అనలేకపోతున్నాను. పూర్తిగా ఎవరినీ క్షమించలేదని మాత్రం రాయమన్నాను, రాశారు.

ఓడ నుంచి దిగగానే ఆయన కాళ్ళ వైపు చూడకండి అందరూ కలిసి.

రుక్మిణి


వునిమోలి
30 జూలై 1979

అక్కా,

నిన్న అయిపోయింది. వేళ్ళు కాస్త వంగుతున్నాయి, అందుకని నేనే రాస్తున్నాను.

బావ వచ్చినప్పుడు నేను ఏదో అనాలని తయారు చేసుకున్నాను. ఆయన నా చెయ్యి చూసి, "పొద్దున ఎక్కువా, రాత్రి ఎక్కువా?" అన్నాడు. "పొద్దున" అన్నాను. "నాకూ అంతే. వేడినీళ్ళలో పెట్టు" అన్నాడు. తయారు చేసుకున్నది అనలేదు. ఆ పసుపు పంచె నేను ఇవ్వలేదు. అమ్మ ఇంకొకటి ముంచింది.

గుండం దాటేవాళ్ళు ఈ ఏడు కొంతమందే. మిగతా అందరం చాపల మీద వరసగా, పెళ్ళికొచ్చిన ముసలాళ్ళలా. డప్పు మొదలైంది. బావ వేపాకులు కట్టిన కరగం నెత్తిన పెట్టుకుని నిప్పుల అంచుకి వచ్చాడు. నా కుళ్ళు ఎలా మండిందో నీకు రాయను. చెరుకు తగలబెట్టినప్పుడు చూశావు కదా, అలాగ.

ఆయన అడుగు వేసే ముందు ఒక్కసారి జనంలోకి చూశాడు. ఎవరి కోసమో వెతికాడు. నువ్వు లేవు. అమ్మ కోసం చూశాడు. అమ్మ ఆయన్ని చూడటం లేదు, కరగాన్నీ చూడటం లేదు. అందరూ నిప్పుల వైపు తిరిగి ఉంటే, అమ్మ ఒక్కతే వెనక్కి తిరిగి చాప మీద కూచున్న నన్ను చూస్తోంది. నేను అక్కడ ఉన్నానా, కూచునే ఉన్నానా అని. బావ అది చూశాడు. ఆయన మొహం ఒక్క క్షణం ఎలా అయిందో నాకు బాగా తెలుసు. ఆ మొహం ఇన్నేళ్ళూ నాదే.

అందుకని ఆయన్ని నేను చూశాను. గుండం ఈ చివర నుంచి ఆ చివరి దాకా రెప్ప వెయ్యలేదు. పొగకి కళ్ళు మండినా తిప్పలేదు. మన ఇంటి నుంచి ఆయన్ని ఒక్కరైనా చూడాలి కదా.

బాగానే దాటాడు. నడుమ కొంచెం ఎడమకి వంగాడు. నేనైతే వంగేవాణ్ణి కాదు. అది మాత్రం ఆయనకి చదివి వినిపించు.

నీ తమ్ముడు
కమల్